నాలుగో బోల్టు

“మొదట్నుంచీ చెప్పండి అన్నయ్యా. ఆర్ములు బిగించేటప్పుడు ఏమేం ఇబ్బందులొచ్చాయి?”

“పోయిన ఆదివారం చెప్పాను కదయ్యా.”

“మళ్ళీ చెప్పండి. ఎక్కడ పొరపాటు జరిగిందో చూద్దాం.”

ఫిట్టరు వసారా గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. చేతిలో ఏదో ఒక పనిముట్టు లేనిదే కుదురుగా కూర్చునేవాడు కాదు. అలాంటిది రెండు నెలలుగా స్పానరు ముట్టుకోలేదు. వంటింట్లో కుళాయి కారుతుంటే భార్య దానికి గుడ్డపీలిక చుట్టింది తప్ప బాగుచేయమని ఆయన్ని అడగలేదు.

ఎదురుగా కూర్చున్న మెకానిక్‌కి బజారు చివర షెడ్డుంది. ఫిట్టరు కూతురి ట్రక్కుకి చిన్నాచితకా పనులన్నీ అతనే చేసేవాడు. ఆ పిల్ల అంత్యక్రియలకి రాలేదు గానీ, ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా రావడం మానలేదు. వచ్చి, ఇదే మాట అడిగి, ఇదే మాట విని వెళతాడు.

అమ్మాయి నర్సరీ నుంచి మొక్కలు తోలేది. గతుకుల దారిలో బండి అడుగుభాగం నేలకి తగులుతోందని ట్రక్కు ఎత్తు పెంచింది. ఎత్తు పెరిగాక, ముందు చక్రాల్ని పట్టి ఉంచే పాత ఆర్ములు సరిపోలేదు. వేరే కంపెనీవి కొత్తవి తెప్పించింది. “షెడ్డుకెందుకు నాన్నా, మనిద్దరం ఉన్నాం కదా” అంది.

“ఆర్ముల చివరుండే రబ్బరు బుష్‌లు అరనూలు లావుగా వచ్చాయి. బ్రాకెట్లో పట్టలేదు,” అన్నాడు ఫిట్టరు.

“సుత్తితో కొట్టారా?”

“కొడితే రబ్బరు చెడదూ? బ్రాకెట్ కొంచెం విడదీసి, సబ్బు నీళ్ళు రాసి ఎక్కించాం. తీరా ఎక్కాక కన్నాలు కలవలేదు. అది గునపం వేసి నెట్టింది, నేను బోల్టు దూర్చాను. ‘కొత్త కోడలిలా బిగుసుకుని కూర్చుంది నాన్నా, నువ్వే బతిమాలు’ అని ఒకటే నవ్వు.”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. మెకానిక్ తల దించుకున్నాడు.

“బోల్టులు చక్రాలు గాల్లో ఉండగానే బిగించారా?”

“నాకు పని నేర్పుతావా? గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది. జాకీ దించి, బండి బరువంతా నేల మీద పడ్డాకే బిగించాను.”

“చూశారా! ఇంత పద్ధతిగా ఎవరు చేస్తారు?”

“పద్ధతి!” అన్నాడు ఫిట్టరు. “మొత్తం నాలుగు బోల్టులు. మూడు బిగించాను. ఇంతలో మీ వదిన భోజనానికి పిలిచింది. తిరిగొచ్చి నాలుగోది, ఆ ఎడమ ఆర్ము వెనకది, బిగించానో లేదో గుర్తు లేదయ్యా. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఆ పూట నేను పిలవకుండా ఉండాల్సింది,” అంది.

“నీదేం తప్పే పిచ్చిదానా!”

“పిల్ల ఆకలేస్తోందమ్మా అంది. అందుకే పిలిచాను.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపుకి ఆనుకుంది.

ప్రమాదం మీద ఇచ్చిన కాగితం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి అందులో ఒక్క వాక్యం రాశాడు: ఎడమ ఆర్ము వెనక బోల్టుకి నట్టు లేదు. వాలు దిగుతుండగా బోల్టు జారిపోయింది. చక్రం లోపలికి మడుచుకుపోయింది. ట్రక్కు వంతెన గోడని గుద్దుకుని కింద పడింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, మొక్కల కింద దొరికింది.

“బయల్దేరేటప్పుడు కూడా చెప్పాను, ముందు చక్రాల అలైన్‌మెంట్ చూపించుకోవే అని. లోడు ఆలస్యమవుతుంది, వచ్చాక చూపిస్తానంది. నా మాట విని ఉంటే అక్కడెవరైనా నట్టు లూజుగా ఉందని పట్టుకునేవారు. ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ మిషన్లకి ఒక్క నట్టు వదల్లేదు. కన్నబిడ్డ బండికి వదిలేశాను.”

“వదల్లేదన్నయ్యా. నాలుగూ బిగించారు మీరు.”

“ఓదార్పు మాటలు చాలయ్యా.”

“ఓదార్పు కాదు. ఒట్టు.”

భార్య కళ్ళు తుడుచుకుంది. “నీ మంచి మనసు మాకు తెలుసు తమ్ముడూ. ఈయన రాత్రీ పగలూ తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుంటారు. అన్నం సరిగా ముట్టరు. వారం వారం నువ్వొచ్చి కూర్చుంటున్నావు గనక ఆ నాలుగు మాటలైనా ఆడుతున్నారు. సొంత తమ్ముడున్నా ఇంత చేయడు.”

ఆ మాటకి మెకానిక్ దెబ్బ తగిలినట్టు లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు.

ఫిట్టరు అతని చెయ్యి పట్టుకున్నాడు. “నా మీద జాలితో అనకు. నేను చచ్చేదాకా మోయాల్సిన బరువిది. ఆ నాలుగో బోల్టు బిగించానని నాకే తెలియదు, నీకెలా తెలుసు?”

మెకానిక్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

“చాలా గట్టిగా బిగించారు. స్పానరుకి లొంగలేదు. పైపు తొడిగి తిప్పాల్సొచ్చింది.”

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“నువ్వెప్పుడు తిప్పావు?” అడిగాడు ఫిట్టరు.

“ఆ పొద్దున మీ మాట విని అమ్మాయి నా షెడ్డుకొచ్చింది. అలైన్‌మెంట్ కోసం దాన్ని వదులు చేసింది నేనే.”