పాత మ్యాపులో కుంట

పాత సర్వే మ్యాపులో పాల్మాకుల పక్కన ఓ కుంట నీలంగా ఉంది. ఇప్పుడది ఎండిన బీడు. దాని మీదుగానే హైవే రావాలి.

చీకటి పడ్డాక, జీపు లైట్ల వెలుగులో, కొలత కర్ర పట్టుకుని బీడు మధ్యలో నిలబడ్డాడు బుచ్చయ్య. ఇంజనీరు ప్రేమలత సర్వే దుర్భిణిలో చూసింది. అతని పాదాల కింద అతనే తలకిందులుగా కనిపించాడు, నీళ్లలో నీడలాగా.

"జర జల్ది చూడుండ్రి మేడం, కాళ్లు సల్లబడ్తున్నయ్!" అని అరిచాడు బుచ్చయ్య.

"ఇగ చాలన్నా, వచ్చెయ్!"

"వస్తున్న!"

నెత్తి మీదుగా ఓ విమానం ఎయిర్‌పోర్టు వైపు దిగిపోయింది. ఆ మోత అణిగాక అడుగుల చప్పుడు దగ్గరైంది. బుచ్చయ్య వచ్చి కర్ర ఆమె చేతికిచ్చాడు. అది అతని తల ఎత్తు దాకా తడిసి ఉంది.

ఆమె మళ్లీ దుర్భిణిలో చూసింది.

బీడు మధ్యలో బుచ్చయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నాడు.