తల్లి చెయ్యి

ఆదోని నుంచి అల్లుడు తిప్పేస్వామి ఒక్కడే వచ్చాడు. మగ్గం మీదున్న హంపమ్మ అతని వెనక వీధిలోకి చూసింది.

“శోభ ఏదప్పా?”

“అంగన్‌వాడీ ముందర కూర్చోనుంటాది. పాపను లోపలికి పంపి, మధ్యాన్నం దాకా ఆ అరుగు దిగదు. నేను మిల్లు నుంచి వచ్చేది పావుగంట ఆలస్యమైతే ఇరవై ఫోన్లు. నాకు ఓపిక అయిపోయింది అత్తా. కొన్నాళ్లు మీ కాడనే పెట్టుకోండి. ఆ మాట సెప్పిపోదామనే వచ్చినా.”

హంపమ్మ నేత ఆపి నాడె పక్కన పెట్టింది. ఎప్పుడో ఒకరోజు ఈ మాట వినాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

“దాన్ని ఏమీ అనొద్దు నాయనా. తప్పు నాది.”

“మీదేముంది?”

“మూడేళ్లప్పుడు ఉరుకుంద జాతరలో తల్లి సెయ్యి జారి తప్పిపోయింది. శ్రావణ సోమవారం. ఇసుకేస్తే రాలని జనం.”

చెంబెత్తి రెండు గుక్కలు తాగింది.

“ఇంటికొచ్చినాక మూడు నెలలు నా సేత్తో పెడితే తినలేదు. పొద్దస్తమానం గడపలో కూర్చోని బాటకల్లా సూసేది. ఆ ఊర్లో ఉండలేక ఈడికొచ్చి మగ్గం ఏసుకొంటిమి. ఏడ్సి ఏడ్సి ఒకనాడు ఊరకైపోయింది. మరిచిపోయిందిలే అని సంతోషపడినా నేను. యాడ మరిచిపోయింది? మనిషి కంటికి కనపడకపోతే సాలు, ఇంక రారనే అనుకుంటాది.”

పెళ్లైన కొత్తలో శోభ నిద్రలో కూడా తన చొక్కా కొస వదలకపోతే తిప్పేస్వామి నవ్వుకున్నాడు. అది గుర్తొచ్చింది.

“నాకెప్పుడూ సెప్పలేదే.”

“దానికి గుర్తులేదు. నేను సెప్పలేదు.”

అతను లేచాడు. “పంపించనులే అత్తా. ఆలస్యమయ్యే రోజు నేనే ముందుగా ఫోన్ సేస్తా. మీరు కుమిలిపోవద్దు. అంత జనంలో సెయ్యి జారేది ఏ తల్లికైనా అయ్యేదే.”

అతను వీధి మలుపు తిరిగేదాకా హంపమ్మ తలెత్తలేదు.

ఆ సోమవారం, చెయ్యి జారవిడుచుకున్న తల్లి “గిరిజా, గిరిజా” అని అరుస్తూ గుంపంతా వెతుకుతుంటే, బిడ్డల్లేని హంపమ్మ ఆ పిల్లను కొంగులో దాచుకుని బస్సెక్కింది.