గుండ్రటి అర్జీ

"పెట్టవా? సంతకం పెట్టవా?" పరశురాం అరుపుకి క్యాంపు గదిలో అందరూ లేచి కూర్చున్నారు.

"పెట్టనన్నా," అన్నాడు లింబాద్రి పై మంచం మీంచి, ఫోన్‌లోంచి కళ్లు తీయకుండానే. "ఈశ్వరయ్య సారుతోని నాకు పనున్నది. గిప్పుడు ఆయనతోని పంచాదెందుకు?"

"పొద్దుగాల మన దేవన్న బస్సులనే ఒరిగిపోయిండు. నీళ్లు జల్లి లేపినం. రేపు నువ్వు ఒరుగుతవు. అప్పుడు గూడ సారుతోని పనుందంటవా?"

కింది మంచం మీద తలకి తడి తువ్వాలు చుట్టుకుని పడుకున్న దేవన్న చిన్నగా మూలిగాడు.

కంపెనీ బస్సులో ఏసీ పాడై నెల దాటింది. అద్దాలు తెరుచుకునే రకం కాదు. ఈ ఎడారి దేశంలో, అహ్మది ఎండలో సైటుకు వెళ్లేసరికి మనిషి ఉడికిపోతున్నాడు. నోటిమాటగా చెబితే మేనేజర్ ఈశ్వరయ్య, "మీ ఊర్లల్లో ఏసీ బస్సుల్లోనే తిరిగినారా అప్పా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వుని పరశురాం మరిచిపోలేదు. అందుకే ఈ అర్జీ.

జగిత్యాల కాలేజీలో చరిత్ర చదివిన పరశురాం దాన్ని పాతకాలం పద్ధతిలోనే మొదలుపెట్టాడు. "మహారాజశ్రీ మేనేజరు దొరవారి దివ్య సముఖమునకు..."

"గిదేం భాషనే?" అన్నాడు దేవన్న.

"తెల్లదొరల కాలంల మద్రాసు దిక్కు నుంచి లండన్ పార్లమెంటుకు వేలమంది అర్జీలు పంపిండ్రు. గట్లనే రాసేది. లండన్ల ఏమైతదో తర్వాతి సంగతి, ఈడున్న దొర ముందుగాల మొదటి పేరు ఎవనిదా అని చూస్తడు. అందుకే మన దాంట్ల మొదటి పేరే ఉండదు."

అన్నం తినే పళ్లెం కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఆ గీత మీద, సూర్యుడి చుట్టూ కిరణాల్లా, అందరూ పేర్లు రాశారు. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఒకాయన కాగితాన్ని తిప్పడం తోచక తనే దాని చుట్టూ తిరిగి సంతకం పెట్టాడు. అంత కోపంలోనూ గది గొల్లుమంది. లింబాద్రి మాత్రం మంచం దిగలేదు.

"పిరికోడా! కొత్త పెండ్లికొడుకువి కదా. పో, పెండ్లాం కొంగుల దాక్కో!" అని అరిచాడు పరశురాం.

"కొంగు ఈడ యాడున్నదన్నా," అన్నాడు లింబాద్రి. అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు అందర్నీ ఆఫీసు ముందు నిలబెట్టాడు ఈశ్వరయ్య. అర్జీని కారు స్టీరింగులా అటూ ఇటూ తిప్పాడు.

"యాడ మొదలు, యాడ చివర? ఏందప్పా ఇది, ముగ్గా?"

"అందరం కలిసి రాసినం సారూ," అన్నాడు పరశురాం.

"అందరూ ఒకే పెన్ను పట్టుకున్న్యారా? మిమ్మల్ని ఎగేసినోడు ఒకడుంటాడు. వాని పేరు సెప్పండి. ఈ పూటే మెకానిక్కును పిలిపిస్తా. సెప్పకపోతే ఎండాకాలమంతా ఇదే బస్సు, ఇదే వేడి. ఎగేసినోనికి మాత్రం ఖలాస్! వీసా క్యాన్సిల్. రేపు సాయంత్రానికి హైదరాబాద్ విమానంలో ఉంటాడు."

పరశురాం బిడ్డ నర్సింగు చదువు సగంలో ఉంది. ఇప్పుడు వెనక్కి పంపిస్తే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. అయినా పక్కన దేవన్న నిలబడలేక ఊగుతున్నాడు. ఇక ఆగలేక పరశురాం ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే సారూ," అని వెనక నుంచి వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. లింబాద్రి!

"నువ్వా? నీ పేరు ఇందులో లేదు గదరా?"

"ఎగేసినోడు తన పేరు తను పెట్టుకుంటడా సారూ?"

ఈశ్వరయ్య కాగితాన్ని మరోసారి చుట్టూ తిప్పి వెతికాడు. దాన్ని అరచేత్తో ఫట్‌మని చరిచాడు. "నాకు తెలుసురా! సంతకం పెట్టనోడే అసలు దొంగ! ఖలాస్. సామాన్లు సర్దుకోపో!"

పరశురాం నోరు తెరవబోయాడు. వద్దన్నట్టు తల ఊపి, లింబాద్రి తలొంచుకుని వెళ్లిపోయాడు.

మరుసటి సాయంత్రం బస్సు చల్లగా తిరిగొచ్చింది. దేవన్న దారి పొడవునా మెడని చల్లగాలికి అప్పగించి కళ్లు మూసుకునే ఉన్నాడు. పరశురాంకి మాత్రం ఆ చల్లదనం ఒంటికి పట్టలేదు. క్యాంపు గేటు దగ్గర సూట్‌కేసు పట్టుకుని లింబాద్రి, పక్కన కంపెనీ కారు. బస్సు ఆగీ ఆగకముందే పరశురాం దూకి అతన్ని వాటేసుకున్నాడు.

"నిన్ను పిరికోడంటి తమ్మీ. నా మీద వడేది నీ నెత్తినేసుకున్నవు. నేను ఊకోను! ఎంబసీకి అర్జీ పెడ్త. ఢిల్లీకి పెడ్త. ఆ లండన్ పార్లమెంటు దాక పోత. ఆ ఈశ్వరయ్య మెడలు వంచి నిన్ను మళ్ల ఈడికి తెప్పియ్యకపోతే నా పేరు పరశురామే గాదు!"

లింబాద్రి హడలిపోయి అటూ ఇటూ చూశాడు. గబుక్కున పరశురాం నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ కాళ్లు మొక్కుత, గా పని జెయ్యకన్నా! పెండ్లయిన నెలకే ఈడికొచ్చి పడ్డ. మొన్నటిదాక లీవియ్యమని సారు ఎనక కుక్కలెక్క తిరిగినా ఇయ్యలే. గిప్పుడు టికెటు ఆయనే కొని, కారు గూడ ఎక్కిస్తున్నడు!"