దిగనివాడు

మూడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. పంపకాల్లో లారీ అన్నకు వెళ్లింది, మరమ్మతుల షెడ్డు తమ్ముడికి మిగిలింది. ఇవాళ ఏటవాలు రోడ్డు మీద లారీ మొరాయించిందని ఫోను చేసింది కూడా వదినే. ఆవిడ చెప్పిన చప్పుడును బట్టి తమ్ముడు షాఫ్టు కీలులో వేసే కొత్త క్రాస్ వెంట తెచ్చుకున్నాడు.

అన్న క్యాబిన్‌లోనే ఉన్నాడు. తల కూడా తిప్పలేదు.

"ఎన్నాళ్లుగా ఈ చప్పుడు?"

"మెకానిక్‌వి నువ్వా, నేనా?"

తమ్ముడికి ఒళ్లు మండింది. పనిముట్ల సంచీతో సహా విసురుగా లారీ కిందికి దూరాడు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు లొడలొడలాడుతోంది. దాని చివర పంగలాంటి రెండు చెవుల యోక్‌లో ఉండే క్రాస్ అరిగిపోయింది. గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందో!

"గ్రీజు కొట్టడానిక్కూడా బద్ధకమేనా?"

యోక్‌కూ షాఫ్టుకూ సుద్దతో గుర్తు గీసి, బోల్టులు విప్పి, షాఫ్టును గుండెల మీదికి దింపుకున్నాడు.

అప్పుడు పైనుంచి కేక. "ఒరేయ్, బయటికి రా!"

"ఎందుకు?"

"రమ్మంటే రావాలంతే!"

ఎందుకో చెప్పడం అన్న ఒంట్లోనే లేదు. పంపకాల రోజూ ఇంతే. సంతకం పెట్టమన్నాడు, ఎందుకన్నది చెప్పలేదు.

"రాను. పని పూర్తయ్యేదాకా రాను. నచ్చకపోతే ఇంకొకణ్ణి పిలుచుకో!"

"మొండి వెధవా!"

"నీ తమ్ముణ్ణేగా!"

పాత క్రాస్ యోక్ చెవుల్లో బిర్రబిగుసుకుపోయింది. చిన్న సుత్తికి లొంగలేదు.

"క్యాబిన్ పెట్టెలో ఉన్న పెద్ద సుత్తి ఇటివ్వు!"

అన్న దిగలేదు. సుత్తి కిటికీలోంచి వచ్చి మోకాలికి జానెడు దూరంలో పడింది.

"దిగితే మహారాజుగారి కిరీటం జారుతుందేమో!"

గంట గడిచింది. కొత్త క్రాస్ కూర్చుంది. గుర్తులు కలిసేలా షాఫ్టును ఒక్కడే ఎత్తేసరికి నడుం విరిగినంత పనైంది. ఓ చెయ్యి వెయ్యమని గొంతు చించుకున్నా అన్న కిందికి దిగి రాలేదు.

చివరి బోల్టు బిగించి బయటికి పాకాడు. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాల్సిందే. కాలర్ పట్టి కిందికి ఈడ్చేయాలన్న కసితో క్యాబిన్ తలుపు లాగాడు.

చక్రాలను షాఫ్టు ద్వారానే ఆపే హ్యాండ్ బ్రేకు, ఆ షాఫ్టు విప్పగానే పట్టు తప్పిన ఆ పాత లారీ చక్రాల కింద తమ్ముడు కోపంలో రాళ్లు పెట్టడమే మరిచిపోగా, అన్న చెమటతో తడిసి ముద్దై, వణుకుతున్న రెండు కాళ్లతో గంటసేపుగా బ్రేకు పెడల్ మీదే నిలబడి ఉన్నాడు.