పాపన్ తాయెత్తు

"తాడు నడుముకు కట్టుకోవాల. చేత పట్టుకుంటే ఒప్పుకోను" అన్నాడు గోవిందసామి.

మునియప్పన్ తాడు నడుముకు బిగించి కట్టుకున్నాడు. రెండో కొస కులపెద్ద గోవిందసామి చేతిలోనే ఉంది. ఈ కాలంలో ఎవరినీ నమ్మకూడదని ఆయన పట్టుదల. మనిషి గని నోట్లో నాలుగడుగులు వేసి, చీకట్లో కాసేపు కూర్చుని, అంతా వెతికొచ్చానంటే ఎవరికి తెలుస్తుంది? తాడు ఎంత లోపలికి పోయిందో చూస్తే తెలుస్తుంది.

గుడియాత్తం అవతలి కొండల్లో ఉన్న ఆ బంగారు గనిని, కోలారులో కరెంటు దీపాలు వచ్చిన కొత్తల్లోనే దొరలు వదిలేసి పోయారు. ఎంత బంగారం దొరికిందో వాళ్లకే తెలియాలి. ఊరికి మిగిలింది మాత్రం ఏటవాలుగా కొండ కడుపులోకి దిగే ఆ బొక్క. లోపలి దూలాలు చెదపట్టాయి. అడుగున నీళ్లు నిలిచాయి. చెడుగాలికి ముందు దీపం ఆరిపోతుంది, తర్వాత మనిషి పడిపోతాడు. అయినా రాళ్లలో ఇంకా పసిడి ఉందన్న ఆశతో దొంగతనంగా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు.

పాపన్ కూడా కొన్నేళ్ల కిందట అట్లాగే దిగాడని ఊళ్లో అనుకున్నారు. ఒకరోజు పొద్దున అతని చెప్పులు గని ముందు కనిపించాయి. మనిషి మళ్లీ కనిపించలేదు. రాయవేలూరుకు తోళ్లు తోలే బండివాడొకడు మాత్రం, పాపన్ కాట్పాడిలో రైలెక్కుతుంటే చూశానన్నాడు. వాడు తాగుబోతే, కానీ ఆ ఒక్క మాటతో పాపన్ పెళ్లాం పొన్నమ్మ ఎటూ కాకుండా పోయింది.

వాళ్ల కులంలో మారుమనువు ఉంది. అయితే మొదటివాడు పోయినట్టు తేలాలి. రాతి క్వారీలో పనిచేసే మునియప్పన్ పొన్నమ్మను చేసుకుంటానని పంచాయతీలో అడిగినప్పుడు గోవిందసామి ఖండితంగా చెప్పేశాడు.

"గనికి పోయే ప్రతి మొగోడికీ గంగమ్మ గుడి ముందర నా చేత్తోనే తాయెత్తు కడతా. అది లేకుండా ఎవడూ లోపల కాలు పెట్టడు. పాపన్ దానికి మూత సొట్ట. యాడుండాదో ఎతికి తీసుకొని రా. అప్పుడు నమ్ముతా, వాడు లోపలే పోయినాడని."

పొన్నమ్మ ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. అడిగేదేముంది, అందరికీ తెలిసిందే కదా. రోజూ సాయంత్రం కొండెక్కి గని ముందు కూర్చునేది. ఎదుటి వాలులో క్వారీ సమ్మెట్ల చప్పుడు ఆగేదాకా ఉండి, అప్పుడు దిగేది. మొగుడంటే అంత ప్రాణం. అది చూసి ఊరి ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఊరి మగవాళ్లకు మాత్రం పాపన్ మీద కాస్త కుళ్లుగా ఉండేది.

మునియప్పన్ పాత టోపీకి తడిమట్టి అంటించి, అందులో కొవ్వొత్తి గుచ్చి వెలిగించాడు.

"దీపం మసకైతే తిరిగొచ్చేయాల" అంది పొన్నమ్మ, నేల చూస్తూ.

"అడుగు దాకా పోకుండా వస్తే ఈయన నమ్మడు."

"నమ్మకపోతే మానె. నేను ఇట్లే ఉండిపోతా."

గోవిందసామి పక్కవాళ్లతో నెమ్మదిగా అన్నాడు. "నిజం బయటపడతాదని భయం, పాపం బిడ్డకి."

తాడు మెల్లగా లోపలికి పాకింది. కాసేపటికి లోపల ఏదో విరిగిన చప్పుడైంది. రాళ్లు దొర్లాయి. గని నోట్లోంచి దుమ్ము వచ్చింది. తాడు ఆగిపోయింది.

"మునియప్పా!" గోవిందసామి కేక వేశాడు. బదులు లేదు.

పొన్నమ్మ లేచి వచ్చి తాడు పట్టుకుంది. "లాగండప్పా."

"తాళుకోమ్మా. ఎతకతా ఉంటాడు. పాపన్ జాడ తెలీకుండా లాగితే ఎట్లా?"

"పోయినోడి జాడ నాకొద్దు. ఉండే మనిషిని పైకి తీయండి."

ఆమె గొంతు అంత గట్టిగా పలుకుతుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అందరూ తలో చెయ్యీ వేసి లాగారు. ఆమె అరచేతులు ఒరుసుకుపోయినా తాడు వదల్లేదు.

మునియప్పన్ మోకాళ్లమీద పాక్కుంటూ బయటపడ్డాడు. టోపీ లేదు. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"దూలం కూలిందప్పా... అడుగంతా నీళ్లు. మనిషి కనపళ్లా. ఇదొకటే..."

బురద పిడికిలి విప్పాడు. అందరూ ఆ పిడికిలి మీదికి వంగారు. పొన్నమ్మ మాత్రం అటు చూడకుండా, పైటచెంగుతో అతని నుదుటి నెత్తురు అద్దుతూ కూర్చుంది. చూసే ధైర్యం లేదు పాపం అనుకున్నారు ఆడవాళ్లు.

గోవిందసామి తాయెత్తును పంచెకు తుడిచాడు. మూత సొట్ట. తాను వేసిన ముడే.

"ఎర్రదారం రంగు కూడా పోలేదే" అన్నాడు.

"ఎండ తగలని చోటు గదప్పా."

గోవిందసామి తలాడించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపన్ పోయినాడు. ఈ ఆడి నెలలో పెళ్లి కూడదు. అది ముగిసినాక, ఆవణిలో మునియప్పన్ తాళి కడతాడు."

అప్పుడు ఏడ్చింది పొన్నమ్మ. గని ముందరి బండకు గాజులు కొట్టుకుని, మునియప్పన్ భుజం పట్టుకుని, ఇన్నేళ్లుగా లోపల కుక్కుకున్నదంతా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఒక మనిషి కోసం ఇంతగా అలమటించిన ఆడదాన్ని తన జన్మలో చూడలేదని గోవిందసామి కొండ దిగుతూ అందరికీ చెప్పాడు.

ఆ తాయెత్తును తన బియ్యంకుండ అడుగునుంచి తీసి, నిన్న మునియప్పన్ చేతిలో పెట్టింది పొన్నమ్మే.