అంజన్ తీసిన ఫోటోలు

“ఫోటో వంకరగ రావాలె, అన్నా,” అంది పుష్పమ్మ.

రామ్‌చందర్ నల్లగుడ్డ కింద నుంచి తల బయటికి తీశాడు. పురానాపూల్‌లో స్టూడియో పెట్టిన నాటి నుంచి చక్కగా తీయమన్న వాళ్లనే చూశాడు గానీ, వంకరగా తీయమన్న మనిషిని చూడలేదు. డబ్బిచ్చి తేలు కుట్టించుకోవడమంటే ఇదే అనుకున్నాడు.

“వంకర టింకర తీసి నా దుకాణం ఇజ్జత్ తీసుకోవాల్నా అక్కా?”

“గట్ల గాదు భాయ్,” అన్నాడు ఆమె భర్త బాలనర్సింహ. “మా పిలగాడు తీసినట్టుండాలె. వానికి సక్కగ తియ్యరాదు.”

సంగతి ఏమిటంటే, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు అంజన్ బొంబాయి నుంచి గోవా పోయే స్టీమరులో వంటపనికి కుదిరాడు. మొదటి జీతాలతో కెమెరా కొన్నాడు. అమ్మానాన్నల్ని ఓడెక్కించి, గోవా రేవులో దించి, ఒక రోజంతా ఊరు తిప్పి చూపిస్తానన్నాడు. పోయిన నెల వీళ్లు బొంబాయి వెళ్లొచ్చారు కూడా.

ఇంట్లో ముసలామె కొమురమ్మ ఉంది. బాలనర్సింహ తల్లి. మనవణ్ణి చంక దించకుండా పెంచింది ఆమే. ఇప్పుడు గుండె జబ్బుతో మంచం పట్టింది. ఫోటోలు చూస్తే గానీ మందు మింగనని మొండికేసింది.

“మరి తీసిన ఫోటోలేవి?”

“కెమెరా సముద్రంల పడ్డది,” అన్నాడు బాలనర్సింహ, నేలను చూస్తూ.

“గంతేనా! ఫికర్ చెయ్యకుండ్రి. సముద్రం నా తాననే ఉన్నది.”

రామ్‌చందర్ తాడు లాగాడు. ఓడ బొమ్మ పరదా జరజరా దిగింది. గీసినవాడెవడో గానీ, అలలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. దాని ముందు మొగుడూ పెళ్లాం నిలబడ్డారు. తలకు చుట్టిన తువ్వాల తీసెయ్యమంటే బాలనర్సింహ ససేమిరా అన్నాడు.

“నవ్వక్కా! సముద్రం సూసొచ్చినవ్, గా మొకమేంది?”

పుష్పమ్మ నవ్వబోయింది. పెదవులు మాట విన్నాయి. కళ్లు వినలేదు.

“అరె, కెమెరా కోసం ఏడుస్తరా ఎవలన్న?” రామ్‌చందర్ మందలించాడు. “పోతే ఇంకోటొస్తది.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ నిలబడి ఈసారి గట్టిగానే నవ్వింది.

తర్వాత ఊరు. “గోవా ఎట్లుంటదక్కా? ఏ పరదా ఎయ్యాలె?” అని అడిగాడు.

“నీ తాన ఏ ఊరుంటె గదే ఎయ్యన్నా.”

అంత దూరం పోయి ఊరెట్లా ఉందో కూడా చూడలేదా ఈమె అని నవ్వుకుని, వీధిదీపాల పరదా వేశాడు. ఆ తర్వాత కొబ్బరిచెట్ల పరదా. పుష్పమ్మ పక్కగదిలోకి పోయి చీర మార్చుకొచ్చింది. ఇక అంతా ఆమె చెప్పినట్టే జరిగింది.

“కెమెరా చేతుల పట్టుకో అన్నా. ఇంకింత పైకి. మావాడు పొడుగు.”

రామ్‌చందర్ చేతి కెమెరా పట్టుకుని స్టూలెక్కాడు.

“మూలకు వేలు అడ్డం పెట్టు. వాని వేలు ఎప్పుడూ అడ్డమొస్తది.”

రామ్‌చందర్ వేలూ పెట్టాడు. మనిషికి మహా సరదాగా ఉంది. ఇంత పనితనం చూపించి ఫలితం చూడకపోతే ఎలా? ఫోటోలు తయారవగానే తనే పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు.

కొమురమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఒక్కో ఫోటో కంటికి ఆనించుకుని చూసింది. ఓడను వేలితో తడిమింది.

“గిండ్లనేనా నా బిడ్డ పనిచేసేది? అబ్బ, ఎంత పెద్దగున్నదే!”

అంతలోనే ఆమె ముఖం చిన్నబోయింది. ఫోటోలన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేసింది.

“అన్నిట్ల మీరిద్దరే ఉన్నరు. నా అంజన్ ఏడి?”

రామ్‌చందర్ నాలుక కరుచుకున్నాడు. ఇంత చేసి ఈ ముక్క ఆలోచించనే లేదు.

“తీసింది వాడే గద అత్తమ్మా,” అంది పుష్పమ్మ, తడుముకోకుండా. “తీసెటోడు ఫోటోల ఎట్ల కనవడ్తడు?”

ముసలామె ఒక్క క్షణం ఆలోచించి, బోసినోటితో పకపకా నవ్వింది.

“అవునే! వంకరగ తీసిండు, ఎడ్డి పోరడు. ఇగో, వేలు!” ఆ మూలనున్న వేలి నీడను ముద్దు పెట్టుకుంది. పుష్పమ్మ చేతిలోని మందు మారుమాట లేకుండా మింగింది.

రామ్‌చందర్‌కు ప్రాణం లేచొచ్చింది. సాగనంపడానికి బాలనర్సింహ వాకిట్లోకి వచ్చాడు.

“మస్తు నమ్మింది భాయ్!” అన్నాడు రామ్‌చందర్ చెప్పులేసుకుంటూ. “పిలగానికి జాబు రాయి, ఈసారన్న కెమెరా గట్టిగ పట్టుకొమ్మని.”

బాలనర్సింహ వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు:

“కెమెరా పెట్టెల పదిలంగనే ఉన్నదన్నా... సముద్రంల పడ్డది పిలగాడు.”