పట్టకారు

"టైమ్ అయిపోయిందండీ."

భుజం మీద చెయ్యి పడింది. కురోసె మాట నోట్లో ఉండగానే ఆ చెయ్యి ఆయన్ని పక్కకి లాగేసింది. మెత్తగానే లాగింది కానీ, ఆగడానికి వీల్లేకుండా లాగింది.

"మూడేళ్ల కిందట, వానలో, మా షాపు ముందు..." అన్నంత వరకే అయింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ షాపు ముందే తెగిపోయింది.

"ఏవండీ, ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వరా?" అన్నాడు నల్ల సూటులో ఉన్న ఆవిడతో.

"టికెట్‌కి నాలుగు సెకన్లండీ. ఎవరికైనా అంతే."

"మీకు పిల్లల్లేరా అసలు?"

ఆవిడ తెల్ల గ్లవ్స్ సర్దుకుని, "తర్వాతివారు రండి" అంది.

బల్ల వెనకనుంచి కోతోహా, "మళ్లీ రండి కురోసె గారూ!" అని చెయ్యి ఊపి, అప్పుడే వచ్చిన కుర్రాడి చేతులు పట్టుకుంది.

కురోసె కాళ్లీడ్చుకుంటూ వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఇక రెండే టికెట్లున్నాయి. చిబా హాల్లో ఇవాళ కోతోహా అభిమానులతో చేతులు కలపడం ఇదే ఆఖరు. రేపు గ్రూపు నుంచి ఆమెకి గ్రాడ్యుయేషన్. ఆడిపాడే అమ్మాయిల ఐడల్ గ్రూపుల్లో మానెయ్యడానికి అదే పేరు. ఆ తర్వాత సీడీలు ఎన్ని కొన్నా ఈ పిల్లతో చెయ్యి కలపడానికి టికెట్ రాదు.

"మళ్లీ పీకేసిందా పట్టకారు?" అని, ఆవిడకి అభిమానులు పెట్టిన పేరుతో అడిగి నవ్వాడు ముందున్న మొగి. బ్యాంకు ఉద్యోగి, ఆదివారం ఆదివారం ఈ వరసలో కలిసేవాడు. "మిగతా వరసల్లో మనుషులు మారుతుంటారు. మన ఖర్మకి మూడేళ్లుగా ఈవిడే. జ్వరమొచ్చినా మాస్కు పెట్టుకుని వచ్చేస్తుంది."

"నాకిలాగే కావాలిలే" అన్నాడు కురోసె. "పాట కొంటున్నారా, చెయ్యి కొంటున్నారా అని మీ అందర్నీ తిట్టినవాణ్ణే నేను. ఒకే సీడీ పదేసి కొని, టికెట్లు తీసుకుని, డిస్కులు మా సీడీల షాపులోనే వదిలేసి పోయేవారు. మా ఆవిడ వాటిని పెరట్లో పెర్సిమన్ పళ్ల చెట్టుకి వేలాడదీసింది, కాకులు రాకుండా."

"మానేశాయా?"

"ఎక్కడ! అవీ అభిమానులైపోయాయి. చుట్టాల్ని కూడా వెంటేసుకొచ్చాయి."

మొగి పగలబడి నవ్వి, అంతలోనే చెవి దగ్గరకి వంగాడు. "పెద్దాయనా, మీరు కథ మొదట్నుంచి ఎత్తుకుంటున్నారు. ఆఖరి మాట ముందు చెప్పెయ్యండి."

అది కురోసెకి నచ్చింది. తన వంతు రాగానే కోతోహా చేతులు పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా అనేశాడు. "షాపు మూయలేదమ్మా."

కోతోహా కళ్లు చికిలించి చూసింది. "ఏ షాపు... ఆగండి, కాషివా స్టేషన్ పక్కనా? వాన! బీరు పెట్టెల మీద నిలబడి పాడాం. అయిదుగురే వచ్చారు. ఆ అయిదుగురిలో మీరున్నారా?"

"ఆరోవాణ్ణి. తలుపు వెనక ఉన్నాను. షాపు ఎత్తేస్తున్నామని ఆ పొద్దుటే కాగితం అంటించాను. నువ్వేమో అయిదుగురికీ అయిదు వేలమందికి పాడినట్టు పాడావు. చెప్పుల్లో నీళ్లు, అయినా నవ్వుతూనే ఉన్నావు. నువ్వు వెళ్లగానే ఆ కాగితం పీకేశాను."

భుజం మీద చెయ్యి పడింది. నాలుగు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. కురోసె కళ్లు మూసుకున్నాడు.

చెయ్యి లాగలేదు. అలా పడే ఉంది. పది సెకన్లయింది. ఇరవై అయ్యాయి. కోతోహా ఏడుస్తూ నవ్వుతూ ఏదో అంటోంది. ఆయన తలూపుతున్నాడు.

"ఇనాబా గారూ! నిద్రపోతున్నారా అక్కడ?" సూపర్‌వైజర్ కేకేశాడు.

"టైమ్... అయిపోయిందండీ." ఆవిడ గొంతు జలుబు చేసినట్టుంది.

సూపర్‌వైజర్ వచ్చి అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆవిడ నడుం వంచి క్షమాపణ చెప్పింది. తన మూలాన ఆవిడకి మాట పడిందని కురోసె ప్రాణం చివుక్కుమంది. హాలు మూసే ముందు వేసే పాట మొదలైంది. వరసలో ఇంకెవరూ లేరు. ఆయన చేతిలో మాత్రం ఒక టికెట్ మిగిలింది.

"ఇది మీరు వాడుకోండి. నా మాట చెప్పేశాను" అంటూ ఆవిడ ముందు పెట్టాడు.

"అయ్యో, నేను స్టాఫ్‌ని..."

"టికెట్ ఉంటే ఎవరికైనా అంతే అన్నారుగా! మూడేళ్లుగా మా అందర్నీ లాగారు. ఒక్కసారైనా మీరు పట్టుకున్నారా ఆ పిల్ల చెయ్యి?"

ఆవిడ టికెట్ తీసుకుని సూపర్‌వైజర్ వైపు చూసింది. అతను విసుగ్గా మొహం తిప్పుకున్నాడు. ఆవిడ గ్లవ్స్ విప్పి, చేతులకి శానిటైజర్ రాసుకుని, టికెట్ పెట్టెలో వేసి, అందరిలాగే గీత మీద నిలబడింది. కోతోహా ఆ రెండు చేతుల్నీ గట్టిగా పట్టేసుకుంది.

కురోసెకి చిలిపితనం పుట్టింది. లాగేవాళ్లు నిలబడే చోటుకి వెళ్లి, చెయ్యెత్తి, నవ్వుకుంటూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు...

"ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఒక్కసారీ పట్టుకోలేదేం?" కోతోహా గుసగుసగా అడుగుతోంది.

"టికెట్ లేకుండా ఎలా పట్టుకోనే, కన్నతల్లినైతే మాత్రం!"